కొలతకు అందని చిన్నచూపు

వైకల్యాన్ని శాతాలలో కొలవడం మన సమాజానికి అలవాటైన పని. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో ‘సదరం’ శిబిరాలు ప్రారంభమైన నాటి నుండి వికలాంగులు వైద్యుల ఎదుట నిలబడి, తమ లోపం ఎంతటిదో అంకెలలో తేల్చుకొని, ఆ అంకెను ధ్రువపత్రంపై వేయించుకొని రావలసి వచ్చింది. తరువాత దేశమంతటికీ ఒకే గుర్తింపు కార్డు వచ్చినా కొలత మాత్రం పోలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ముఖ్యమైన ప్రయోజనాలకు 40 శాతాన్ని గీతగా నిలిపింది. 40 ఉంటే రిజర్వేషను. 39 ఉంటే రిక్తహస్తం. చూపును అక్షరాల పట్టికతో, వినికిడిని డెసిబెళ్లతో, బుద్ధిని ప్రజ్ఞాలబ్ధితో కొలిచి ఒక బిడ్డను పాఠశాలకు పంపుతున్నాము. ఆ బిడ్డ ఎదుట నిలబడి పాఠం చెప్పబోయే వ్యక్తి మనస్సులో ఆ బిడ్డ పట్ల చిన్నచూపు ఎంత ఉన్నదో కొలిచే శిబిరం మాత్రం ఎక్కడా కనబడదు.

ఈ మాట కొందరికి కటువుగా తోచవచ్చు. ఉపాధ్యాయ వృత్తిని కోరి వచ్చే యువతీయువకులు సాధారణంగా దయగలవారు. వికలాంగుడైన విద్యార్థిని వారు తిట్టరు, కొట్టరు, గేలి చేయరు. అటువంటివారి మనస్సును శంకించడం న్యాయమా అని అడగవచ్చు. వారు దయగలవారు కాబట్టే ఈ ప్రశ్న వేయవలసి వస్తున్నది. ద్వేషం ముసుగు వేసుకొని వస్తే దానిని పోల్చుకోవడం సులభం. దయ రూపంలో వచ్చే చిన్నచూపును పోల్చుకోవడం కష్టం. దానిని చూపేవారికి కూడా అది తెలియదు.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగుల సంఖ్య 2.68 కోట్లు, అనగా జనాభాలో 2.21 శాతం. వీరి పిల్లలు, వీరిలోని పిల్లలు ప్రత్యేక పాఠశాలలకే వెళ్లాలన్న భావన క్రమంగా తొలగిపోయింది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, ఆపైన 2016 నాటి చట్టం విలీనవిద్యను మార్గంగా చూపాయి. వికలాంగుడైన బాలుడు తన ఊరి బడిలోనే, తన ఈడు పిల్లల పక్కనే కూర్చొని చదువుకోవాలన్నది దీని సారాంశం. ఇందుకు తోడుగా మండలాలలో భవిత కేంద్రాలు వెలిశాయి. 2014లో జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి బి.ఎడ్. శిక్షణను రెండేళ్లకు పెంచినప్పుడు, అందరికీ చోటిచ్చే పాఠశాలను నిర్మించడమెలాగో బోధించే విషయాన్ని పాఠ్యప్రణాళికలో చేర్చింది. ఛాత్రోపాధ్యాయులు మొత్తం 20 వారాలు పాఠశాలలతో కలిసి పనిచేయాలని కూడా నిర్దేశించింది.

కాబట్టి నేటి ఛాత్రోపాధ్యాయులకు సరైన మాటలు తెలుసు. ‘విలీనవిద్య ఆవశ్యకతను వివరింపుము’ అని పరీక్షలో అడిగితే నాలుగు పుటలు తడుముకోకుండా వ్రాయగలరు. చిక్కు అక్కడే ఉన్నది. సరైన జవాబు తెలిసినవారిని ప్రశ్నించి వారి మనస్సును తెలుసుకోవడం ఎట్లా?

చిన్నచూపు రెండు విధాలుగా ఉంటుంది. మొదటిది బాహాటమైనది. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన దీప్తి జీవాంజి 2024లో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలలో 400 మీటర్ల పరుగును 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. అదే సంవత్సరం పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం సాధించింది. బుద్ధి వికాసంలో లోపం గల ఆ బాలికను చిన్ననాడు ఊరిలో కొందరు ‘పిచ్చి’ అని, ‘కోతి’ అని పిలిచేవారని తల్లిదండ్రులు పత్రికలవారికి చెప్పుకొని బాధపడ్డారు. ఇది వినగానే మనకు తప్పని తోస్తుంది. అన్నవారిని నిలదీయవచ్చు, చట్టం కూడా శిక్షిస్తుంది.

రెండవది సూక్ష్మమైనది. దీనికి ఉదాహరణ ఎక్కడో వెదకనక్కరలేదు. మీరు చదువుతున్న ఈ ఇంటర్మీడియట్ చరిత్రలోనే ఉన్నది. కృష్ణా జిల్లా మచిలీపట్నం సమీపంలోని పల్లెలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ జన్మతః అంధుడు. హైదరాబాదులోని అంధుల పాఠశాలలో పదవ తరగతి మంచి మార్కులతో ముగించి, 2007లో గణితం, విజ్ఞానశాస్త్రం తీసుకుంటానన్నాడు. కుదరదన్నారు. ఆ విషయాలలో పటాలు, రేఖాచిత్రాలు ఉంటాయి, అంధునికి కష్టమవుతుంది, భాషలో సాంఘికశాస్త్రాలో చదువుకోవచ్చు అన్నది నాటి నిబంధన వెనుకనున్న తర్కం. ఇందులో ఒక్క పరుష వాక్యమైనా లేదని గమనించాలి. అతనికి చదువు నిరాకరించలేదు; కష్టాన్ని తప్పిస్తున్నామనుకున్నారు. విషయం హైకోర్టు దాకా వెళ్లింది. ఆరు నెలల తరువాత తీర్పు అతనికి అనుకూలంగా వచ్చింది. ఉపాధ్యాయురాలి సహాయంతో పాఠాలను శ్రవణ రూపంలోకి మార్చుకొని చదివి, అతడు 98 శాతం మార్కులు తెచ్చుకున్నాడు. తరువాత అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి, 2012లో హైదరాబాదులో పరిశ్రమ స్థాపించాడు. 2024లో అతని జీవితం హిందీ చలనచిత్రమయింది.

ఇటువంటి గాథను చెప్పి, ‘చూశారా, పట్టుదల ఉంటే ఏదైనా సాధ్యమే’ అని ముగించడం మన వాడుక. 1985లో వచ్చిన ‘మయూరి’ చిత్రాన్ని చూసి కన్నీరు పెట్టని ఇల్లు తెలుగునాట అరుదు. కాలు పోగొట్టుకొని జైపూరు కృత్రిమ పాదంతో నాట్యమాడిన సుధాచంద్రన్ స్వయంగా అందులో నటించింది. ఆ కన్నీటిలో కల్మషం లేదు. అయితే అసాధారణ విజయం సాధించిన వికలాంగునికే మన గౌరవం దక్కుతున్నదేమో ఆలోచించుకోవాలి. సగటు మార్కులతో గట్టెక్కి, సగటు ఉద్యోగం చేసుకొని, సగటు మనిషిగా బ్రతికే హక్కు మిగిలినవారందరికీ ఉన్నది. అంధునికి మాత్రం 98 శాతం రావాలి! 60 శాతం వచ్చే అంధ విద్యార్థి గణితం కోరితే ఎవరు కోర్టుకు వెళ్తారు?

మన భాష కూడా ఈ విషయంలో నిర్దోషి కాదు. తెలుగు ఉపాధ్యాయునిగా ఈ మాట చెప్పడం నాకు కొంత కష్టమే. సరిపడని కారణాలను ‘కుంటిసాకులు’ అంటాము. ఆలోచన లేని విశ్వాసాన్ని ‘గుడ్డి నమ్మకం’ అంటాము. ఆశపెట్టి ఏమీ ఇవ్వకపోవడాన్ని ‘మొండిచేయి చూపడం’ అంటాము. ‘చెవిటివాని ముందు శంఖమూదినట్లు’, ‘మూగవాని ముందు ముక్కు గీరినట్లు’, ‘గుడ్డికన్న మెల్ల నయం’ అనే సామెతలు వాక్యానికి అందాన్ని తెస్తాయని తరగతిలో నేర్పుతాము. వీటిలో కన్ను, చెవి, కాలు, చేయి లోపించడం ఎప్పుడూ మరొక లోపానికి గుర్తుగానే వస్తుంది: అజ్ఞానానికి, మూర్ఖత్వానికి, వంచనకు. ఇక హాస్యం పేరిట నత్తిని, వినికిడి లోపాన్ని వాడుకోని చలనచిత్రాలు ఎన్ని? 2024 జూలైలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో వికలాంగులను తెరపై చిత్రించే తీరుకు మార్గదర్శకాలు సూచిస్తూ, వైకల్యాన్ని అర్థం చేసుకొనేందుకు తోడ్పడే హాస్యానికీ కించపరచే హాస్యానికీ భేదం చూపింది. వికలాంగులనే మాటను మార్చి దివ్యాంగులని, విభిన్న ప్రతిభావంతులని పిలుస్తున్నాము. పిలుపు మారినంత వేగంగా చూపు మారిందని చెప్పలేము.

వీటన్నిటికంటె సూక్ష్మమైనది ఒక చిన్న మాట: ‘పాపం’. ఊతకర్రతో వచ్చే బాలికను చూడగానే ఉపాధ్యాయురాలి నోట అప్రయత్నంగా వెలువడేది అదే. ఆ వెంటనే రెండవ వాక్యం వస్తుంది: ‘దాన్ని ఎందుకమ్మా కష్టపెట్టడం!’ ఆ వాక్యంతోనే ఆ బాలికకు ఆటస్థలం దూరమవుతుంది, ప్రయోగశాల దూరమవుతుంది, నల్లబల్ల దాకా నడిచి వెళ్లి లెక్క చేసే అవకాశం దూరమవుతుంది.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ దయను నిశితంగా పరిశీలించారు. 2002లో సుసాన్ ఫిస్క్, ఆమె సహపరిశోధకులు ప్రకటించిన సిద్ధాంతం ప్రకారం మనం ఏ జనసమూహాన్నయినా రెండు కొలతలతో చూస్తాము: వీరు మంచివారా, వీరు సమర్థులా? వృద్ధులను, వికలాంగులను సామాన్యంగా మంచివారిగా, కాని అసమర్థులుగా భావిస్తాము. ఈ రెండు కలిసినప్పుడు పుట్టే భావమే జాలి. అంతకు ముందే, 1995లో థామస్ పెట్టిగ్రూ, రోయెల్ మీర్టెన్స్ అనే శాస్త్రజ్ఞులు పశ్చిమ యూరపు దేశాలలో వలసవచ్చినవారి పట్ల వైఖరులను అధ్యయనం చేసి, బాహాటమైన వివక్షను, సూక్ష్మమైన వివక్షను వేరువేరుగా కొలిచే ప్రశ్నావళులను ప్రకటించారు. సూక్ష్మవివక్ష గలవాడు ఎదుటివానిని తిట్టడు. మనకూ వారికీ గల తేడాను పెద్దది చేసి చూస్తాడు. మన పద్ధతులకు వారు ఒదగలేరని అంటాడు. ద్వేషాన్ని వెళ్లగక్కకపోయినా ఆదరాన్ని, మెచ్చుకోలును మనస్ఫూర్తిగా అందించలేకపోతాడు. ఆ పరిశోధన వలసదారులకు సంబంధించినదే అయినా, ‘వాళ్లకు ప్రత్యేక పాఠశాలలోనే మేలు, మాకు అంత శిక్షణ లేదు’ అనే ఉపాధ్యాయుని మాటలో మొదటి రెండు లక్షణాలూ వినబడుతూనే ఉంటాయి. మూడవది ఈ విషయంలో కొంత భిన్నంగా ఉంటుంది: ఇక్కడ ఆదరం లోపించదు, గౌరవం లోపిస్తుంది.

సరే, దీనిని కొలిచేది ఎట్లా? వికలాంగుల పట్ల వైఖరిని కొలిచే మాపని 1960లోనే అమెరికాలో తయారయింది. కొన్ని వాక్యాలిచ్చి, వాటితో ఎంతవరకు ఏకీభవిస్తారో అంకెలలో గుర్తించమనడం దాని పద్ధతి. మన విశ్వవిద్యాలయాల విద్యావిభాగాలలోనూ ఇటువంటి వైఖరి మాపనులతో పరిశోధనలు చేయడం పరిపాటి. ఈ పద్ధతి సులభమైనది. ఒకేసారి వందలమందికి పంచిపెట్టవచ్చు. కాని ‘వికలాంగ విద్యార్థులకు ఇతరులతో సమానంగా అవకాశాలు ఇవ్వాలి’ అనే వాక్యం ఎదుట ‘ఏకీభవించను’ అని గుర్తు పెట్టే ఛాత్రోపాధ్యాయుడు ఉంటాడా? పేరు వ్రాయనక్కరలేదని చెప్పినా, సమాజం మెచ్చే జవాబు ఏదో ఎరిగిన చేయి ఆ గడివైపే వెళ్తుంది.

చెప్పేదానికీ చేసేదానికీ గల దూరం చాలా కాలం క్రితమే బయటపడింది. రిచర్డ్ లాపియర్ అనే అమెరికా సామాజిక శాస్త్రజ్ఞుడు 1930 దశకపు తొలినాళ్లలో ఒక చైనా దంపతుల జంటతో కలిసి ఆ దేశమంతటా పర్యటించాడు. చైనీయుల పట్ల ద్వేషం ప్రబలంగా ఉన్న రోజులవి. వారు వెళ్లిన 251 వసతిగృహాలలో, భోజనశాలలలో ఒక్కచోట మాత్రమే వారిని పొమ్మన్నారు. తరువాత వారందరికీ ఉత్తరాలు వ్రాసి, చైనీయులకు వసతి ఇస్తారా అని అడిగితే, జవాబిచ్చినవారిలో నూటికి తొంభైమందికి పైగా ఇవ్వబోమన్నారు. అక్కడ మాట చెడ్డది, చేత మంచిది. మన తరగతి గదిలో ఇది తలకిందులయ్యే ప్రమాదం ఉన్నది.

నోటిమాటను నమ్మలేమని గ్రహించిన శాస్త్రజ్ఞులు 1998లో మరొక సాధనాన్ని కనుగొన్నారు. కంప్యూటరు తెరపై మాటలు, చిత్రాలు ఒకదాని వెంట ఒకటి వస్తుంటే వాటిని వేగంగా వర్గీకరించాలి. వైకల్యాన్ని సూచించే చిత్రాన్ని ‘మంచి’తో జతచేయడానికి పట్టే కాలం, ‘చెడు’తో జతచేయడానికి పట్టే కాలం సెకనులో వేయవ వంతుల లెక్కన నమోదవుతుంది. ఆంథొనీ గ్రీన్‌వాల్డ్ తదితరులు రూపొందించిన ఈ శోధికకు ప్రపంచవ్యాప్త ప్రచారం కల్పించినవారిలో మహ్జరీన్ బానాజీ ముఖ్యురాలు. ఈమె సికిందరాబాదులో పుట్టి పెరిగి, నిజాం కళాశాలలో, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలైన విదుషి కావడం మనకు సంతోషం కలిగించే విషయం. 2007 నుండి 2016 వరకు అమెరికాలో ఈ శోధికను స్వచ్ఛందంగా చేసిన 40 లక్షలకు పైగా ఫలితాలను ఆమె, టెస్సా చార్ల్స్‌వర్త్ కలిసి పరిశీలించి 2019లో ప్రకటించారు. జాతి, చర్మపు రంగు విషయాలలో మనస్సు లోపలి మొగ్గు ఆ పదేళ్లలో కొంత తగ్గింది. వైకల్యం విషయంలో పైకి చెప్పే మాట మెరుగుపడింది. లోపలి మొగ్గు దాదాపు ఉన్నచోటనే ఉన్నది.

ఈ ఒక్క ఫలితం చాలు, ఉపాధ్యాయ శిక్షకులు ఉలిక్కిపడడానికి. అయినా ఆ కంప్యూటరు శోధికను తెచ్చి బి.ఎడ్. ప్రవేశానికి మరొక పరీక్షగా పెట్టాలని నేననను. ఒకే మనిషికి ఈ రోజు ఒక ఫలితం, మరునాడు మరొక ఫలితం రావడం దానిలో సాధారణం. వేలమంది సగటును చెప్పడానికి అది పనికివస్తుంది. ఫలానా వ్యక్తి మంచివాడా కాడా అని తీర్పు చెప్పడానికి పనికిరాదు. పైగా, తరగతిలో ఆ వ్యక్తి ఏమి చేస్తాడో అది నేరుగా చూపదు. విద్యార్థికి కావలసింది అదే కదా!

కాబట్టి చేతలను చూడాలి. 1966లో రాబర్ట్ క్లెక్, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. చక్రాల కుర్చీలో కూర్చున్న వ్యక్తితో మాట్లాడమన్నప్పుడు జనం సంభాషణను త్వరగా ముగించారు. తమ నిజమైన అభిప్రాయాన్ని దాచి, ఎదుటివానికి నచ్చుతుందనుకున్నదే చెప్పారు. మర్యాద పెరిగింది, సమయం తగ్గింది. 1979 నాటి మరొక ప్రయోగం ఇంకా ఆసక్తికరమైనది. పక్కపక్కనే రెండు టెలివిజన్లు. ఒకదాని ఎదుట కాలికి ఊతం ధరించిన వ్యక్తి కూర్చున్నాడు. రెండింటిలోనూ ఒకే చిత్రం వస్తున్నప్పుడు చాలామంది అతని పక్కనే కూర్చున్నారు, ఎందుకంటే దూరంగా వెళ్లడానికి చెప్పుకోదగిన కారణం లేదు. రెండింటిలో వేరువేరు చిత్రాలు వస్తున్నప్పుడు ఎక్కువమంది రెండవ టెలివిజను దగ్గరకు వెళ్లారు. ‘నాకు ఆ చిత్రమే ఇష్టం’ అని చెప్పుకొనే వీలు దొరికింది. సూక్ష్మవివక్ష స్వభావం ఇందులో స్పష్టంగా కనబడుతుంది: గౌరవప్రదమైన సాకు దొరికే వరకు అది వేచి ఉంటుంది. పాఠశాలలో అటువంటి సాకులకు కొదువ లేదు. సమయం చాలదు, పాఠ్యాంశం పూర్తికావాలి, తనిఖీ ఉన్నది, పాపం, ఆ అమ్మాయికి కష్టం.

ఇప్పుడు ఒక పల్లెబడిని ఊహించుకుందాం. రంగారెడ్డి జిల్లా మొయినాబాదు మండలంలోని చిన్న మంగళారం వంటి ఊరు అనుకోండి. ఒకవైపు హైదరాబాదు మహానగరం పెరిగి దగ్గరకు వస్తున్నది. మరొకవైపు చేవెళ్ల ప్రాంతపు కూరగాయల తోటలు. నగరంలో 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ పేరుతో స్థాపించిన సంస్థ, అంధులకు, బధిరులకు ప్రత్యేక పాఠశాలలు ఉన్నాయి. కాని కూలికి వెళ్లే తల్లి రోజూ బిడ్డను అక్కడికి తీసుకొనిపోలేదు. ఆ బిడ్డకు ఊరి బడే గతి, ఆ బడిలోని ఉపాధ్యాయుడే దిక్కు. అటువంటి బడికి బోధనాభ్యాసం కోసం ఇద్దరు ఛాత్రోపాధ్యాయులు వచ్చారనుకుందాం. ఏడవ తరగతిలో 36 మంది పిల్లలు. వారిలో చెవికి యంత్రం పెట్టుకున్న బాలుడొకడు, చూపు మందగించిన బాలిక ఒకతె. ఒక ఛాత్రోపాధ్యాయుడు పాఠం చెబుతుంటే రెండవవాడు వెనుక బల్లపై కూర్చుంటాడు. సాధారణంగా వెనుక కూర్చున్నవాడు స్వరం బాగుందా, నల్లబల్ల పని బాగుందా, పాఠ్యపథకం ప్రకారం సాగిందా అని పరిశీలన పత్రంలో నింపుతాడు. ఇక్కడ అతనికి మరొక కాగితం ఇద్దాం. అందులో పిల్లలు కూర్చున్న వరుసల పటం ఉంటుంది. ప్రశ్న ఎవరిని అడిగితే వారి గడిలో ఒక గీత గీయాలి. పని ఇంతే.

ఈ గీతలు పలికే కథలు విచిత్రంగా ఉంటాయి. ఆ బాలుని గడిలో గీతలే లేకపోవచ్చు. కొన్ని గీతలున్నా, అడిగిన ప్రశ్నలు ఏ తరగతికి చెందినవో చూడాలి. ‘ఈ పద్యం వ్రాసినదెవరు?’ అన్నది జ్ఞాపకానికి సంబంధించిన ప్రశ్న. ‘కవి ఇక్కడ ఈ పోలికనే ఎందుకు తెచ్చాడు?’ అన్నది ఆలోచనకు సంబంధించినది. మొదటి రకం ప్రశ్నలన్నీ ఆ బాలునికి, రెండవ రకం ప్రశ్నలన్నీ ముందువరుస చురుకైన పిల్లలకు వెళ్తుంటే, ఛాత్రోపాధ్యాయుడు తనకు తెలియకుండానే ఒక నిర్ణయం తీసుకున్నాడన్నమాట.

తరువాత సెకన్లు లెక్కించాలి. 1970 దశకంలో మేరీ బడ్ రో అనే అమెరికా విద్యావేత్త తరగతి గదుల ధ్వనిముద్రణలను విశ్లేషించి, ఉపాధ్యాయులు ప్రశ్న వేసిన తరువాత జవాబు కోసం సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని చూపింది. దానిని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు దీర్ఘమయ్యాయి, జవాబు చెప్పేవారి సంఖ్య పెరిగింది. తెలివైనవారని తాము భావించిన పిల్లల కోసం ఉపాధ్యాయులు ఎక్కువసేపు, మిగిలినవారి కోసం తక్కువసేపు ఆగుతున్నారని కూడా ఆమె గమనించింది. మాట సరిగా వినబడక, పెదవుల కదలికను చూసి గ్రహించి, జవాబును కూర్చుకొనవలసిన పిల్లవానికి ఆ ఒక్క సెకను ఏపాటిది? ఛాత్రోపాధ్యాయుడు వెంటనే ‘సరే, కూర్చో నాన్నా’ అంటాడు. ఎంత మృదువైన మాట! ఆ పిల్లవానికి జవాబు రాదని ముప్పై అయిదుమందికి చెప్పిన మాట కూడా అదే.

జవాబు తప్పయినప్పుడు ఏమి జరిగిందో వ్రాయడానికి ఇంకొక గడి కావాలి. ఇతరులు తప్పు చెబితే సూచన ఇచ్చి మళ్లీ ప్రయత్నించమంటారు. వికలాంగ విద్యార్థి తప్పు చెబితే ఉపాధ్యాయుడే జవాబు పూర్తిచేస్తాడు. మెచ్చుకోలును సైతం లెక్కలోకి తీసుకోవాలి. లేచి నిలబడినందుకే చప్పట్లు కొట్టించడం, గుణింతం తప్పుగా వ్రాసినా ‘చాలా బాగుంది’ అనడం ఆదరంలా కనిపిస్తుంది. నీ నుండి ఇంతకంటె ఆశించడం లేదన్న సందేశం అందులో ఇమిడి ఉన్నదని పిల్లలు పెద్దలకంటె త్వరగా పసిగడతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అందరితో ఒకే విధంగా ప్రవర్తించడమే సమానత్వమని భ్రమపడరాదు. చూపు మందగించిన బాలికకు ప్రశ్నపత్రాన్ని పెద్ద అక్షరాలలో ఇవ్వడం, వినికిడి లోపం గల బాలుని వైపు ముఖం తిప్పి మాట్లాడడం, వ్రాయలేని విద్యార్థికి లేఖకుని సమకూర్చడం పక్షపాతం కావు. 2016 నాటి చట్టం గుర్తించిన సహేతుకమైన సర్దుబాట్లు. అక్షరాన్ని పెద్దది చేయడం సర్దుబాటు. ప్రశ్నను చిన్నది చేయడం చిన్నచూపు. ఛాత్రోపాధ్యాయుల పరిశీలన పత్రంలో ఈ రెండింటినీ వేరుపరచి నమోదు చేయకపోతే కొలత అంతా తప్పుదారి పడుతుంది.

ఒక్క పీరియడులో మూడు గీతలు, ఒక గీత అన్న తేడా కేవలం యాదృచ్ఛికం కావచ్చు. ఆనాటి పాఠం అటువంటిదేమో, ఆ బిడ్డకు ఒంట్లో బాగులేదేమో. అందువల్ల ఒకనాటి కాగితం చూసి ఎవరినీ తప్పుపట్టరాదు. వారాల తరబడి సాగే బోధనాభ్యాసంలో వందలకొద్దీ ప్రశ్నలు పోగవుతాయి. అప్పుడు తేలే మొగ్గును యాదృచ్ఛికమని కొట్టిపారేయలేము. దీనితోపాటు శిక్షణ కళాశాలలో మరొక అభ్యాసం చేయించవచ్చు. ఒకే జవాబుపత్రం నకళ్లను తరగతిలో సగం మందికి ఏ వివరమూ లేకుండా, మిగిలిన సగానికి ‘ఈ విద్యార్థికి వినికిడి లోపం ఉన్నది’ అన్న చిన్న గమనికతో ఇచ్చి మార్కులు వేయించాలి. పక్కన, ఈ విద్యార్థి ముందు ముందు ఏ కోర్సు చదివితే బాగుంటుందో ఒక్క వాక్యం వ్రాయమనాలి. రెండు గుంపుల కాగితాలను బల్లమీద పక్కపక్కన పరచి చూడాలి. మార్కులు రెండవ గుంపులో ఎక్కువ, సూచించిన కోర్సు స్థాయి తక్కువ అని తేలితే నేను ఆశ్చర్యపోను. జాలి సాధారణంగా అట్లాగే ప్రవర్తిస్తుంది: ఈనాటి మార్కు ఇచ్చి రేపటి అవకాశం పుచ్చుకుంటుంది.

ముందు బడులకు వాలుదారులు, తగిన మరుగుదొడ్లు, బ్రెయిలీ పుస్తకాలు, సంజ్ఞాభాష తెలిసిన సిబ్బంది కావాలని, మనస్సుల కొలత తరువాత చూసుకోవచ్చునని వాదించేవారు ఉన్నారు. వారు కోరేవన్నీ న్యాయమైనవే; ప్రభుత్వం సమకూర్చవలసినవే. కాని వాలుదారి మీదుగా తరగతిలోకి వచ్చిన బిడ్డను మూలన కూర్చోబెడితే ఆ సిమెంటు ఖర్చు ఎందుకు? ప్రాథమిక సౌకర్యాల కోసం నిధులు రావాలి, టెండర్లు కావాలి. వరుసల పటంపై గీతలు గీయడానికి అవేవీ అక్కరలేదు.

మరొక అభ్యంతరం బరువైనది. మనస్సును కొలవడమంటే నిఘా కదా, ఛాత్రోపాధ్యాయులు భయపడి నటించరా అని. మార్కులు వేస్తే తప్పకుండా నటిస్తారు. ఇంతకు ముందు ప్రశ్నావళికి పట్టిన గతే దీనికీ పడుతుంది. అందుకే ఈ కాగితానికి మార్కులు ఉండకూడదు. ప్రధానాచార్యుని బల్లమీదికి అది చేరకూడదు. వెనుక బల్లపై కూర్చున్న తోటి ఛాత్రోపాధ్యాయుడు పీరియడు ముగిశాక దానిని పాఠం చెప్పినవాని చేతికే ఇవ్వాలి. మరుసటి పీరియడులో ఇద్దరూ స్థానాలు మార్చుకోవాలి. తన గీతలను తానే చూసుకొన్న మనిషికి ఉపన్యాసం అవసరం తక్కువ. అతడు ఒకటే ఆలోచిస్తాడు: ఆ చెవియంత్రం పిల్లవానిని ఈ వారంలో ఒక్క ‘ఎందుకు’ ప్రశ్నయినా అడగలేదేమిటి?

తెలుగు బోధించే ఛాత్రోపాధ్యాయునికి ఈ పరీక్ష మరింత సన్నిహితంగా ఎదురవుతుంది. సామెతల పాఠం వచ్చిన రోజు ‘చెవిటివాని ముందు శంఖమూదినట్లు’ అన్న వాక్యాన్ని అతడు ఆ పిల్లవాని ఎదుటనే వివరించవలసి ఉంటుంది. కొందరు ఆ సామెతను దాటవేసి తరువాతి దానికి వెళ్తారు. అది సభ్యత అనుకుంటారు. ఇంకొందరు గొంతు తగ్గించి చదివేస్తారు. సామెతను నల్లబల్లపై వ్రాసి, ఇందులో తప్పు వినేవానిదా, వినలేనివాని ముందు శంఖాన్నే ఎన్నుకొని ఊదేవానిదా అని తరగతిని అడిగి, మూడు సెకన్లు ఆగి, మొదటి జవాబు కోసం ఆ పిల్లవాని వైపు తిరిగేవారు కూడా కొందరుంటారు. వెనుక బల్ల మీది కాగితంలో ఆ గీత తప్పక పడాలి.